పదవనాడు

మరణము సంభవించిన యింట మనము జరుపు క్రియలకు ఒక క్రమము గలదు. చితికి నిప్పంటించుటకు ముందు కర్త నీటికుండను భుజమున నెత్తుకొని చుట్టు తిరుగును; ఒక్కొక్క చుట్టునకు కుండకు చిల్లి వేయుదురు; నీరు ధారగా కారిపోవును; తుదకు కుండను వెనుకకు జారవిడిచి, తిరిగి చూడక వెడలిపోవును. కుండ దేహమని, నీరు ప్రాణమని పెద్దలు చెప్పుదురు.

పిదప పది దినములు తిలోదకములు, పిండములు. పిండమును కాకి ముట్టువరకు మన మందరము చెట్లవంక చూచుచు నిలిచియుందుము. కాకి రాకున్న, పోయినవారి తీరని కోరిక యేదోయని తలకొక మాట యిత్తుము: చిన్నదాని పెండ్లి చేసెదమనియో, అన్నదమ్ములము కలహింపమనియో. ఏండ్ల తరబడి నోట రాని మాటలు ఆ చెరువుగట్టున వచ్చును. కాకికి ఆకలి లేకుండుటయు ఒక్కొక్కప్పుడు మేలే!

పండ్రెండవనాడు సపిండీకరణము. ప్రేతపిండమును మూడు భాగములు చేసి పితృపిండములతో కలుపుదురు.

ఇంతవరకు ఓదార్పే. కాని పదవనాడు పలు కుటుంబములలో భార్య గాజులు పగులగొట్టి, బొట్టు తుడుచుట యెవరికి ఓదార్పు? 2022లో మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ గ్రామపంచాయతి ఈ ఆచారమును మానవలెనని తీర్మానించినది. మన యిండ్లలో తీర్మానముతో పనిలేదు; ఆ వేకువను ఆమె చేయి పట్టుకొనవచ్చిన పెద్దావిడ వలదనిన చాలును.