విక్టోరియా మెమోరియల్ ముందు మన ఆడపిల్లలు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. విషయం నేనే అడిగి తీసుకున్నాను. కారణం ఏమిటంటే, డిసెంబరులో మా హాస్టల్ పిల్లలు పదిమందిని కొల్‌కతాలో విద్యార్థుల సాంస్కృతిక కార్యక్రమానికి తీసుకెళ్ళాను. రేల పాటలు పాడారు, ఆడారు, బాగా పేరు తెచ్చుకున్నారు. ఆ ఫోటోలు మన గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. ఒక్క ఫోటో మాత్రం కొందరికి నచ్చలేదు. అది పిల్లలు విక్టోరియా మెమోరియల్ ముందు వరసగా నిలబడి దిగిన ఫోటో. మన పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "మన పిల్లల్ని రైలెక్కించి తీసుకెళ్ళి ఆ తెల్లదొరసాని మేడ చూపించావా తల్లీ? మన తాతల్ని కాల్చింది ఆవిడ పోలీసులే గదా" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, బాధపడి అన్నారు. ఆ మాటకు ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం మర్యాద కాదనిపించింది. అందుకే ఈ సభలో చెబుతున్నాను.

ముందు ఆ మేడ సంగతి. విక్టోరియా రాణి 1901 జనవరి 22న చనిపోయింది. ఆమె పేరున ఒక గొప్ప కట్టడం ఉండాలని అప్పటి వైస్రాయి కర్జన్ సంకల్పించాడు. 1906 జనవరిలో పునాదిరాయి వేసినవాడు అప్పటి యువరాజు, తర్వాత ఐదో జార్జి చక్రవర్తి అయినవాడు. 1921 డిసెంబరు 28న ప్రారంభించినవాడు ఆయన కొడుకు. రాజస్థాన్‌లోని మక్రానా నుంచి పాలరాయి తెచ్చారు, తాజ్‌మహల్‌కు వాడిన రాయే అది. ఖర్చు కోటీ అయిదు లక్షల రూపాయలు. ఇంగ్లండు ఖజానా నుంచి రాలేదు, ఇక్కడి రాజులు, జమీందార్లు, ధనవంతులు ఇచ్చిన చందాలతో కట్టారు. ఆ రాణి మాత్రం ఒక్కసారి కూడా మన దేశంలో అడుగు పెట్టలేదు.

పిల్లలు పిల్లలే కదా. మొదట శిఖరం మీద గాలికి తిరిగే నల్లటి దేవతను చూసి కేరింతలు కొట్టారు. తర్వాత సింహాసనం మీద కూర్చున్న రాణి కంచు విగ్రహం దగ్గరకు వెళ్ళాం. తొమ్మిదో తరగతి పాప అడిగింది, "మేడమ్, ఈవిడ మన ఊరికి ఏం చేసింది?"

నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని. ట్రైనింగులో మాకు ఒకటి నేర్పారు. పిల్ల మంచి ప్రశ్న అడిగినప్పుడు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలి, పుస్తకంలో మొదటి పేజీ నుంచి కాదు. అక్కడే గడ్డి మీద కూర్చోబెట్టి చెప్పాను. ఇప్పుడు మీకూ అదే చెబుతాను.

విక్టోరియా గద్దె ఎక్కింది 1837లో. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు వేరే చట్టం చేసింది. మామూలు కోర్టులు అక్కడ పనిచేయవు, కలెక్టరే గవర్నరుకు ఏజెంటుగా ఉండి పాలన, తీర్పులు అన్నీ చూస్తాడు అని ఆ చట్టం సారాంశం. ఆ ఏజెంటు ఏలే నేల కాబట్టి అది "ఏజెన్సీ" అయింది. తర్వాత ఆ పద్ధతి మన గోదావరి కొండలకూ వచ్చింది. ఈ రోజుకీ "మీదెక్కడమ్మా?" అని అడిగితే మనం ఛాతీ మీద చెయ్యి వేసుకుని "ఏజెన్సీ" అంటాం. మన నేలకు మన భాషలో ఎన్ని పేర్లు ఉన్నాయో! వాటికంటే ముందు నోటికొచ్చేది ఆ దొర ఉద్యోగం పేరు. ఆ మాట చెప్పగానే పిల్లలందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు.

1857 తిరుగుబాటు తర్వాత, 1858 నవంబరు 1న రాణి పేరుతో ఒక ప్రకటన వచ్చింది. కంపెనీ పాలన పోయింది, ఇక రాణి పాలన అన్నారు. తాతముత్తాతల నుంచి వచ్చిన భూముల మీద ఇక్కడి ప్రజలకున్న మమకారం మాకు తెలుసు, ఆ హక్కులు కాపాడతాం, పాత ఆచారాలను గౌరవిస్తాం అని అందులో ఉంది. చదివితే ఎంత బాగుంటుందో! ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1865లో మొదటి అటవీ చట్టం, 1878లో ఇంకా గట్టిది, 1882లో మద్రాసు అటవీ చట్టం. తాత కొట్టిన పోడు రిజర్వు ఫారెస్టు అయింది. కట్టెపుల్ల తెచ్చుకుంటే నేరమైంది. ఆ ప్రకటనలో చెప్పిన తాతముత్తాతల భూమిలో కొండవాడి భూమి లెక్కకు రాలేదు. మనకు పట్టా కాగితం లేదు కదా!

1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి ఆమెను చక్రవర్తినిగా ప్రకటించారు. అప్పుడు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు, లక్షల మంది ఆకలితో చనిపోతున్నారు. రెండేళ్ళకు, 1879 మార్చిలో, మన రంప లేచింది. ఎందుకు లేచింది? జీలుగు చెట్టు, తాడిచెట్టు గీసుకుని కల్లు తాగడానికి కూడా పన్ను కట్టమన్నారు. దాన్నే చిగురు పన్ను అన్నారు. మనకు కల్లంటే ఒట్టి మత్తు కాదని ఈ సభలో ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఎండాకాలం గింజలు అయిపోయిన ఇంట్లో అదే గంజి. దాని మీద పన్ను, పైన మన్సబుదారు దోపిడీ, కింద వడ్డీ వ్యాపారుల కోర్టు కేసులు. కారం తమ్మన్న దొర వంటివాళ్ళు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. మద్రాసు నుంచి పటాలాలు దింపి అణచడానికి సంవత్సరం పైనే పట్టింది. తమ్మన్న దొరను 1880లో కాల్చి చంపారు. కొందరిని అండమాన్ పంపారు. రికార్డుల్లో దాని పేరు "ఫితూరీ". అంటే అల్లరి, గొడవ అని రాసుకున్నారు. మనం పోరాటం అంటాం.

ఇంకొక లెక్క చెప్పాను పిల్లలకు. బిర్సా ముండా 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు. ఏడున్నర నెలలకు రాణి చనిపోయింది. ఆమెకు ఎనభై ఒకటి. ఇద్దరి చావుకూ అప్పుడు వైస్రాయి ఒక్కడే, కర్జన్. ఒకరికి పాలరాతి మేడ లేచింది. ఇంకొకరి పేరు పుస్తకాల్లోకి రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో మీకు తెలుసు. ఆ మేడ ప్రారంభమైన ఎనిమిది నెలలకే, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు గారితో కలిసి మన గాం గంటందొర, మల్లుదొర చింతపల్లి స్టేషను మీదికి వెళ్ళారు. 1924లో రామరాజు గారిని కాల్చినప్పుడు చక్రవర్తి ఎవరు? ఆ మేడకు పునాదిరాయి వేసిన ఐదో జార్జే. ఇవి వేరే వేరే పాఠాలు కావు తల్లీ, ఒకే పాఠం అని చెప్పాను. ఆ మేడ ముందు కూర్చుని చెబితే ఆ తేదీలు పిల్లలకు కంఠతా వచ్చేశాయి. తరగతి గదిలో పదిసార్లు చెప్పినా రాలేదు.

ఇప్పుడు పెద్దాయన మాటలో ఉన్న అసలు సంగతి. అలాంటి కట్టడాలు ఉండాలా, పోవాలా? దీని మీద దేశంలో చాలా వాదన ఉంది. 1960ల చివర్లో కలకత్తా వీధుల్లో ఉన్న ఇంగ్లీషు దొరల విగ్రహాలు చాలావాటిని తీసేశారు, కొన్నిటిని బారక్‌పూర్ తరలించారు. ఈ రాణి మాత్రం కదలలేదు. 2020లో ఒక పార్లమెంటు సభ్యుడు ఆ మేడకు ఝాన్సీరాణి పేరు పెట్టాలన్నారు. కట్టడం అందమైనది, మన కూలీల చెమట అది, ఉండనివ్వండి అనేవాళ్ళూ ఉన్నారు. మన విశాఖపట్నం పాతనగరంలోనూ అదే రాణి విగ్రహం ఉంది. రోజూ దాని పక్క నుంచే ఆటోలు పోతుంటాయి.

నా అభిప్రాయం చెబుతాను. ఝాన్సీ లక్ష్మీబాయి అంటే నాకు గౌరవం. కానీ ఒక రాణి పేరు తీసి ఇంకో రాణి పేరు పెట్టినంత మాత్రాన కారం తమ్మన్న దొర పేరు వస్తుందా? పూలో, ఝానో పేర్లు వస్తాయా? రాయిని కూల్చడం ఒక రోజు పని. దాని వెనకాల ఉన్న చట్టాలు, మాటలు, అలవాట్లు మన బతుకుల్లో ఇంకా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం నేర్చుకున్న పిల్లకు ఆ మేడ ఉన్నా భయం లేదు, పోయినా నష్టం లేదు.

ఆ మేడ లోపలే 2022 మార్చి 23 నుంచి స్వాతంత్ర్య విప్లవకారుల గ్యాలరీ ఒకటి పెట్టారు. ఆ స్థలంలో అంతకుముందు ప్రెసిడెన్సీ జైలు ఉండేది. జైలు తీసి రాణి మేడ కట్టారు, ఇప్పుడు రాణి మేడలోకి జైలుకెళ్ళినవాళ్ళ బొమ్మలు వచ్చాయి. చరిత్ర ఎవరి చేతిలోనూ శాశ్వతంగా ఉండదనడానికి ఇంతకంటే ఏం చూపించాలి?

అక్కడితో ఆపలేదు. సాయంత్రం పిల్లల్ని ఎస్ప్లనేడ్ తీసుకెళ్ళాను. అక్కడ ఒక రోడ్డు పేరు సిధూ కానూ డహర్. డహర్ అంటే సంతాలీలో దారి. 1855 జూన్ 30న భోగ్నాడీ గ్రామంలో వేల మంది సంతాలులు కూడి సిధూ, కానూ వెంట కలకత్తా బయలుదేరారు, తమ గోడు చెప్పుకోవడానికి. చేరుకోలేదు. ఆ అన్నదమ్ములూ పోయారు, వేలమంది పోయారు. వాళ్ళు చేరలేకపోయిన నగరంలో ఇప్పుడు వాళ్ళ పేరున, వాళ్ళ భాషలో ఒక దారి ఉంది. దాని మీద మన కోయ పిల్లలు నడిచారు. పాలరాయి లేదు, టికెట్టు లేదు, పేరు రాసిన బోర్డు ఒక్కటే. అక్కడ కూడా ఫోటో దిగాం. ఆ ఫోటో కూడా గ్రూపులో పెట్టాను, దయచేసి అదీ చూడండి.

ఇక మన పని. సంక్రాంతి సెలవులకు వెళ్ళేటప్పుడు పిల్లలకు ఒకటే హోంవర్కు ఇచ్చాను. అవ్వనో తాతనో కూర్చోబెట్టుకుని, మన ఊరికి ఫారెస్టు హద్దు రాయి ఎప్పుడొచ్చింది, దాని అవతల ఎవరి పోడు ఉండేది, ఇది అడిగి రాసుకురమ్మన్నాను. పదిమందిలో ఏడుగురు రాసుకొచ్చారు. ఒక పాప రాసింది, రాయి అవతల ఉన్న చింతచెట్టు మా ముత్తవ్వ నాటింది, పేరు తెలుసు, చెట్టు ఉంది, చెట్టు దగ్గరకు వెళ్ళే హక్కు లేదు అని. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలో చారిత్రక అన్యాయం అని ప్రభుత్వమే రాసింది. ఆ అన్యాయం ఎక్కడ, ఎవరికి జరిగిందో సాక్ష్యం చెప్పగలిగిన ముసలివాళ్ళు మన ఇళ్ళలో తగ్గిపోతున్నారు. ఆ చట్టం కింద పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. అంటే పిల్లలు రాసిన ఆ కాగితం కథ మాత్రమే కాదు, రేపు గ్రామసభ ముందు పెట్టదగిన ఆధారానికి మొదటి మెట్టు.

1917లో మొదటి భూబదలాయింపు చట్టం, తర్వాత మన 1/70, 1997లో సమత తీర్పు, ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ప్రతి దాని వెనకా మనవాళ్ళు ప్రాణాలు పెట్టిన, కోర్టుల చుట్టూ తిరిగిన సంవత్సరాలు ఉన్నాయి. కాబట్టి సంఘానికి నా విన్నపం రెండే. లంబసింగిలో ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం మంజూరైంది. అందులో పెద్ద విగ్రహాలు ఎలాగూ పెడతారు. మనం పేర్లు ఇద్దాం. ముఖ్యంగా అన్నం మోసిన, వార్త మోసిన, జైలు గుమ్మం ముందు కూర్చున్న ఆడవాళ్ళ పేర్లు. అవి ఏ రికార్డులోనూ లేవు, పాటల్లో ఉన్నాయి. రెండోది, ఊరూరా ఒక నోటుబుక్కు పెట్టి, చదువుకున్న పిల్లల చేత పెద్దల మాటలు రాయిద్దాం, ఫోనులో రికార్డు చేయిద్దాం. డబ్బు ఖర్చు లేదు, ఓపిక కావాలి.

అడిగిన పెద్దాయన ఇక్కడే ఉన్నారు. మామయ్యా, మీ దగ్గరే మొదలుపెడతాం. మీ తాతగారి పేరు, ఆయన తల్లి పేరు, మీ ఊరి హద్దు రాయి కథ. వచ్చే ఆదివారం ఇద్దరు పిల్లలు మీ ఇంటికి వస్తారు. కాస్త అరుగు మీద చోటివ్వండి.