పెద్ద ఇంజన్ మోజు

పాత కారు కొన్నారు. బండిలో లాగుడు లేదు. స్క్రాపు నుంచి పెద్ద ఇంజన్ తెచ్చి వేయిద్దామా? నడికుడి, దాచేపల్లి వైపు ఈ ఆలోచన చేసేవారు ముందు ఒక మాట వినండి. ఖర్చు ఇంజన్‌తో ఆగదు. బరువు పెరుగుతుంది కాబట్టి ముందరి స్ప్రింగులు కుంగుతాయి. మౌంటింగులు మార్చాలి. పాత గేర్‌బాక్సు, క్లచ్ ప్లేటు ఆ బలానికి తట్టుకోవు. బ్రేకులూ చాలవు. పైగా మనది పల్నాడు ఎండ. ఎండలకు పేరుమోసిన రెంటచింతల పక్కనే ఉంది. చిన్న రేడియేటర్‌తో పెద్ద ఇంజన్ మే నెలలో ఉడికిపోతుంది.

ఒకప్పుడు పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు వేయలేదా అంటారు. వేశారు. కానీ అది డీజిల్ చవకని చేసిన పని, వేగం కోసం కాదు. చట్టమూ చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. సీ-బుక్కులో ఒక ఇంజన్ నంబరు, బానెట్ కింద మరొకటి ఉంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు.

మరి లాగుడు సంగతి? ముందు కంప్రెషన్ చూపించండి. ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టరు, క్లచ్ చూపించండి. ఇంజన్ నిజంగా పోయిందా, అదే రకం ఇంజన్ వెతకండి. అడ్వాన్సు ఇచ్చే ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోండి.