ఆత్మరక్షణ: నేర్చుకోవడం వేరు, అవసరానికి వాడటం వేరు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువత సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను గిరిజన బాలికల వసతి గృహంలో వార్డెన్‌ని. బీఈడీ చదివి బడిలో పాఠం చెప్పడం నేర్చుకున్నాను. ఆడపిల్లల భయాలు ఎలా ఉంటాయో మాత్రం హాస్టల్లోనే తెలిసింది. ఈ రోజు నాకిచ్చిన అంశం ఆత్మరక్షణ. దెబ్బ ఎలా వేయాలో మాస్టరు గారు మైదానంలో చూపిస్తారు. నేర్చుకున్న ఆ దెబ్బ అవసరం వచ్చినప్పుడు చేతికి ఎందుకు రాదు, రావాలంటే మనం ఏం చేయాలి అన్నది నేను చెబుతాను.

ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద ‘రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్’ పేరుతో ఆడపిల్లలకు 3 నెలల శిక్షణ ఉంది. మంచి పథకం. నేర్చుకున్న పిల్ల నడకలోనే తేడా కనిపిస్తుంది. అయితే 3 నెలలయ్యాక మాస్టరు వెళ్లిపోతారు, పరీక్షలు వస్తాయి, సెలవులు వస్తాయి. మళ్లీ బడి తెరిచేసరికి సగం మరిచిపోతారు. పైగా నేర్చుకునేది చదునైన నేల మీద, ట్రాక్ సూట్ వేసుకుని, మనం చెయ్యి తిప్పగానే వదిలేసే స్నేహితురాలితో. బయట అలా ఉండదు కదా. సంత రోజు జీపులో పదిమంది పట్టేచోట ఇరవైమందిమి కూర్చుంటాం. ఒళ్లో సంచి, ఒక చెయ్యి కమ్మీ మీద. కాలెత్తి తన్నడానికి చోటేదీ? గెడ్డకు వెళ్లే దారి ఏటవాలు, వానాకాలం జారుడు. అక్కడ ఒంటికాలి మీద నిలబడి తన్నబోతే ముందు పడేది మనమే.

అందుకే నేను పిల్లలకు చెప్పేది ఇదీ. ఇరవై పట్లు వద్దు, నాలుగు చాలు. గట్టి భయంలో గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి, చూపు ఒక్కచోటే నిలిచిపోతుంది. అప్పుడు సున్నితమైన పట్లు గుర్తురావు. మోచేత్తో పొడవడం, అరచేతి మడమతో ముక్కు మీద కొట్టడం, మడమతో పాదం తొక్కడం, చెయ్యి పట్టుకుంటే వాడి బొటనవేలి వైపుకి లాగి విడిపించుకోవడం. ఈ నాలుగూ జీపులోనూ పనికొస్తాయి, లంగా ఓణీలోనూ పనికొస్తాయి. వారానికి పది నిమిషాలు చేసినా ఒంటికి అలవాటవుతుంది. విడిపించుకోగానే పరుగెత్తాలి. కొట్టి గెలవాలన్న పంతం వద్దు, ఇంటికి చేరడమే గెలుపు.

ఇక అసలు కష్టాలకు వస్తాను. మొదటిది, శరీరం బిగుసుకుపోవడం. ఎంత నేర్చుకున్నవాళ్లకైనా ఒక్కోసారి కాళ్లూ చేతులూ కదలవు, గొంతు రాదు. అది పిరికితనం కాదు, ఒప్పుకోవడం అసలే కాదు. భయానికి ఒళ్లు అలా స్పందిస్తుంది. ఈ మాట మన జాతికి ఎందుకు ముఖ్యమో చెబుతాను. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయిపై అత్యాచారం జరిగిందని కేసు నడిచింది. మధుర కేసు అంటారు. హైకోర్టు పోలీసులకు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు వాళ్లను వదిలేసింది. ఆమె ఒంటిమీద గాయాలు లేవు, ఎదిరించిన గుర్తులు లేవు అన్నది ఆ తీర్పులో ఒక కారణం. దానిని ప్రశ్నిస్తూ 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా మహిళలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. 2013 సవరణతో, శరీరంతో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ ఒప్పుకున్నట్టు కాదని చట్టంలోనే రాశారు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మాట ఉంది. చట్టం మారింది కానీ మన పల్లెల్లో ప్రశ్న మారలేదు. ‘కరాటే నేర్చుకున్నావు కదా, ఎందుకు కొట్టలేదు?’ అని ఇంకా అడుగుతున్నారు. నేర్పిన విద్యే పిల్ల మీద నిందగా మారితే అంతకంటే అన్యాయం లేదు. దయచేసి ఆ ప్రశ్న ఎవ్వరూ ఎవ్వరినీ అడగకండి.

రెండోది, ఎదుటివాడు మనకు తెలిసినవాడు కావడం. శిక్షణలో దొంగ చీకట్లోంచి వస్తాడు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏటా ఇచ్చే లెక్కలు చూడండి, అత్యాచార కేసుల్లో నూటికి 90 మందికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. బాబాయి వరసవాడిని, రోజూ ఎక్కించుకునే ఆటో అన్నని, చదువు చెప్పే మనిషిని మోచేత్తో పొడవడానికి ఏ పిల్లకైనా చెయ్యి వస్తుందా? మనకు చిన్నప్పటి నుంచి పెద్దలను గౌరవించమని నేర్పారు. గౌరవించాలి, కానీ గౌరవం వేరు, సహించడం వేరు. ‘నాకిష్టం లేదు, దూరంగా ఉండు’ అని మొదటిసారే, చిన్న విషయం దగ్గరే చెప్పగలగాలి. చాలాచోట్ల ఆ ఒక్క మాటే రక్ష.

మూడోది భాష. ఇది మైదాన ప్రాంతం మాస్టర్లకు తట్టదు. కువి మాట్లాడే పిల్లకు, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లకు భయంలో ఇంటి భాషే వస్తుంది. ఊళ్లో అది చాలు. విశాఖ బస్టాండులో ఆ కేక ఎవరికీ అర్థం కాదు. ఎవరో అన్నాచెల్లెళ్లు గొడవపడుతున్నారనుకుని జనం తప్పుకుపోతారు. అందుకే మూడు తెలుగు మాటలు గట్టిగా అరవడం సాధన చేయిస్తాను: ‘వదులు! నువ్వెవరో నాకు తెలీదు! పోలీసుల్ని పిలవండి!’ మొదట్లో పిల్లలు సిగ్గుపడి నవ్వుతారు. పదిసార్లు అరిచాక గొంతు తెరుచుకుంటుంది. ధింసాలో అంతమంది చూస్తుండగా ఆడే పిల్లలకు అరవడానికి సిగ్గెందుకు?

నాలుగోది, ఆ తర్వాత జరిగేది. కొడితే నా మీదే కేసు పెడతారేమో అని భయం. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. మనల్ని, ఇతరులను కాపాడుకోవడానికి కొట్టడం నేరం కాదు. కానీ ప్రమాదాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతే. వాడు పారిపోయాక వెంటపడి కొడితే అది ఆత్మరక్షణ కాదు. చాకు దగ్గర పెట్టుకోవద్దు, గుంజుకుంటే అది మన మీదికే వస్తుంది. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, ‘మా పరిధి కాదు’ అని పంపకూడదు. ఆపదలో 112, పిల్లలకు 1098, మహిళలకు 181. చాలా ఊళ్లలో సిగ్నల్ దొరకదని నాకు తెలుసు. అందుకే ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎవరితో వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లాలి. అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో, వార్డెనో, చెప్పుకోదగ్గ పెద్ద మనిషి ఒకరు ప్రతి పిల్లకూ ఉండాలి. 18 ఏళ్లలోపు వాళ్లమీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. నాకు తెలిసి చెప్పకపోతే అది నా నేరం. ఊరి పెద్దలు కూర్చుని తప్పు కట్టించి రాజీ చేస్తే సరిపోదు. నేరం చేసినవాడు ఎస్సీ ఎస్టీలు కాని మనిషైతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా మనకు అండగా ఉంది.

తమ్ముళ్లకు రెండు మాటలు. పోక్సో చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది. మీకు జరిగినా చెప్పండి, మగతనం ఏమీ తరగదు. జీపులో ఒక చెల్లి ఇబ్బంది పడుతోందని కనిపిస్తే గుంపుగా వెళ్లి కొట్టనక్కర్లేదు. ‘చెల్లీ, ఇటొచ్చి కూర్చో’ అని చోటు మారండి. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకండి, దాంతో ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. ఆడపిల్ల వద్దన్నప్పుడు ఆగిపోవడం మీరు నేర్చుకుంటే, మాకు ఇంత శిక్షణ అక్కర్లేదు.

చివరగా ఒక కోరిక. ఒక పిల్లకు ఏదైనా జరిగిందంటే చాలా ఇళ్లలో ముందు చేసే పని ఆ పిల్ల చదువు మాన్పించడం. హాస్టల్ నుంచి పెట్టె సర్దుకుని తీసుకుపోవడం. తప్పు చేసినవాడు ఊళ్లో తిరుగుతాడు, పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఆ భయంతోనే సగంమంది నోరు విప్పరు. ఇక్కడున్న అమ్మానాన్నలు ఈ రోజు రాత్రే మీ బిడ్డతో ఒక మాట అనండి: ‘ఏం జరిగినా మాకు చెప్పు, నీ చదువు ఆపం.’ యువత ఆదివారం సాయంత్రం ఊరి మధ్య పది నిమిషాలు ఆ నాలుగు పట్లు, ఆ మూడు కేకలు సాధన చేయండి. చిన్నపిల్లలు చూసి నేర్చుకుంటారు. ఖర్చు లేదు, మాస్టరు కోసం ఎదురుచూడక్కర్లేదు.

 జై ఆదివాసీ!