పెరటి చెట్టూ, వైద్య విద్యార్థీ

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్ములను మాట్లాడమన్నప్పుడు రైళ్ళ సంగతేదో చెప్తామని అనుకొని వుంటారు. ఆ సంగతులు మీరు రోజూ కిటికీ దగ్గర వింటూనే వున్నారు గనుక యీ పూట వేరొక విషయం మనవి చేస్తాము. మన దొడ్డబళ్ళాపురం తెలుగు కుటుంబాల పిల్లలు వొకనాడు మగ్గానికో, మిల్లుకో, మావలె గుమాస్తా వుద్యోగానికో పోయేవారు. ఇప్పుడు బెంగుళూరు వైద్య కళాశాలలకు పోతున్నవారూ వున్నారు. ఇది మనకందరికీ గర్వకారణం. అయితే ఆ పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు యింట్లో వొక చిన్న పోరు మొదలవుతున్నది. నాయనమ్మ సొంఠి కషాయం కాస్తుంది, మనుమరాలు "దీనికి ఆధారం యేమిటి?" అంటుంది. తాతగారు మోకాళ్ళ నొప్పికి యెవరో యిచ్చిన పొడి తింటుంటారు. మనుమడు డబ్బా తిప్పి చూసి నవ్వుతాడు. మరునాటి నుంచి ఆ డబ్బా బీరువాలోకి పోతుంది. బీరువాలోకి పోయిన ఆ డబ్బాను గురించే మేము మాట్లాడదలచినది.

ఆయుర్వేదము, సిద్ధ, యునాని, హోమియోపతి, ప్రకృతివైద్యము, యోగము, వీటికి తోడు కన్నడిగులు మనె మద్దు అనే మన యింటి చిట్కాలు – యివన్నీ యింగ్లీషు వైద్యం చదివే పిల్లల దృష్టిలో వొకే గంపలోని సరుకు. కొందరు గంపంతా పారవేయమంటారు. కొందరు ఆస్పత్రిలో నవ్వి, తమకు జలుబు చేసినప్పుడు అమ్మ కషాయమే తాగుతారు. తీసి చూద్దాము, మంచేదో చెడ్డేదో తేల్చుదాము అనేవారూ లేకపోలేదు. యీ మూడవ రకం పెరగాలని మా కోరిక.

ముందుగా పిల్లల పక్షం చెప్పడం న్యాయం. వారి అనుమానం పొగరు వల్ల పుట్టినది కాదు. నాటుమందుతో బాగుపడ్డవాడు ఆస్పత్రికి రాడు, చెడ్డవాడే వస్తాడు. పిల్లలు చూసేది ఆ రెండవవానినే. రేణిగుంట–అరక్కోణం దారిలోని పుత్తూరు కట్టు సంగతి మీకందరికీ తెలుసు. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, గుడ్డ, వెదురు బద్దలు – యింతే సామగ్రి. ఆ పేరు పెట్టుకున్న బోర్డులు బెంగుళూరు వీధుల్లోనూ వున్నవి. సాదా విరుగుడు చాలామందికి కదలకుండా వుంచితే అతుక్కుంటుంది. కట్టినవాని హస్తవాసికి మంచిపేరు వస్తుంది. కాని యెక్కడైనా సరే, వాచిన చేతికి బిగుతుగా కట్టు కడితే రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. అట్లా వేళ్ళు నల్లబడి వచ్చిన పసివాని చేయి తీసివేయడం కళ్ళారా చూసిన విద్యార్థిని, "మన పాత విద్యను గౌరవించవేమి?" అని మనం యెట్లా మందలించగలం?

ఇక రెండవ పక్షం. యిందుకు వొక తెలుగువాని జీవితమే చాలు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదట. మెట్రిక్ తోనే ఆగిన మావంటివారికి యీ మాట కాస్త వూరట. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకు కంటగింపైనారు. ఎం.బి.బి.యస్. కు బదులు తక్కువ పట్టా అయిన యల్.యం.యస్. మాత్రమే చేతికి వచ్చింది. సర్కారు కొలువు దొరకలేదు. అప్పుడు ఆయనకు చోటు యిచ్చినది మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాల. అక్కడ శరీరశాస్త్రం చెప్పారు. లక్ష్మీపతిగారు కూడా మొదట యింగ్లీషు వైద్యం చదివి పట్టా పొంది, తరువాత పండిత దీవి గోపాలాచార్యులవారి వద్ద ఆయుర్వేదం నేర్చినవారే. సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో చనిపోయారు. తానూ అదే జబ్బున పడి లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకున్నారని ఆయన చరిత్ర రాసినవారు చెప్తారు.

ఇక్కడ గమనించవలసినది యేమిటంటే, ఆయుర్వేదం తనను బ్రతికించిందని సుబ్బారావుగారు ఆయుర్వేదం దగ్గరే ఆగిపోలేదు. ఆ మందులలో పనిచేసే గుణం యేమిటో ప్రయోగశాలలో తేల్చాలన్న పట్టుదల పట్టారు. 1922లో బోస్టన్ చేరారు. ఆయన నాయకత్వంలో 1945లో లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆసిడ్ తయారైంది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూకు వైద్యంలో అది నేడు వాడుకలో వున్నది. బోదకాలుకు యిచ్చే హెట్రజాన్ బిళ్ళ కూడా ఆయన బృందం పనే. 1948లో కన్నుమూశారు. గౌరవం, పరీక్ష – రెండూ వొకే మనిషిలో కాపురం చేయగలవని చూపిన విద్యార్థి ఆయన.

మందుల చరిత్రలో యిటువంటివి మరికొన్ని వున్నవి. సర్పగంధ వేరును రక్తపోటుకు వాడిన అనుభవాన్ని బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఆంగ్ల వైద్య పత్రికలో ప్రకటించారు. 1952లో దాని సారం రెసర్పిన్‌ను వేరుచేశారు. చైనాకు చెందిన తూ యూయూ మాచిపత్రి జాతి మొక్క నుండి మలేరియా మందు తీసి 2015లో నోబెల్ బహుమతి పొందారు. అయితే అదే రెసర్పిన్ కొందరికి మనోవ్యాకులత తెచ్చిపెట్టింది. మొక్కలో నుండి వచ్చింది గదా, హాని యేముంటుంది అనేవారు దీనిని మరవరాదు. 2003లో బోస్టన్ ప్రాంతంలో, మనవాళ్ళు సరుకులు కొనే దుకాణాల నుండి డెబ్బది ఆయుర్వేద మందులు తెచ్చి పరీక్షిస్తే, పదునాలుగింటిలో సీసము, పాదరసము, పాషాణము వంటివి తేలినవి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి ఆనందయ్యగారి కరోనా మందు కోసం జనం తండోపతండాలుగా వెళ్ళారు. ప్రభుత్వం ఆపి, పరీక్షలు చేయించి, మే 31న కంటి చుక్కలకు కాక కొన్ని మందులకు మాత్రమే అనుమతి యిచ్చింది. ప్రాణభయం పట్టుకున్నవానికి ఆధారాల పట్టిక అక్కరలేదు, ఆశ కావాలి. ఆ ఆశను చూసి నవ్వితే వైద్యుడు ఆ మనిషిని పోగొట్టుకుంటాడు.

అసలు ప్రమాదం కషాయంలో కంటె దాపరికంలో యెక్కువ వున్నది. మా కిటికీకి కాన్సరు రోగుల రాయితీ ఫారం పట్టుకొని వచ్చేవారుంటారు. చిల్లర లెక్కపెట్టే లోపల నాలుగు మాటలు కలుస్తాయి. అటువంటి పెద్దాయన వొకరు తెలుగు వినగానే, ఆస్పత్రి సూదిమందుతో పాటు యేదో పసరు కూడా తాగుతున్నానన్నారు. "డాక్టరుతో చెప్పారా?" అంటే, "చెప్తే కేకలేస్తారు బాబూ" అన్నారు. టిక్కెట్టు గుమాస్తాకు చెప్పగలిగినది వైద్యునికి చెప్పలేకపోవడం యెంత విపరీతం! దగ్గుకని రోజూ మితిమీరి తినే అతిమధురం రక్తపోటును పెంచుతుంది. అది తెలియని డాక్టరు బిళ్ళ మోతాదు పెంచుతూ పోతాడు. కొన్ని నొప్పుల పొడులలో రహస్యంగా స్టెరాయిడు కలుపుతారు. చెప్పకుండా హఠాత్తుగా మానినా ప్రాణాపాయమే.

అందుచేత వైద్యం చదివే మా తమ్ములకు, చెల్లెళ్ళకు వొక మనవి. 2021 నియమావళి ప్రకారం ఇంటర్న్‌షిప్ ఏడాదిలో భారతీయ వైద్య పద్ధతులకు వొక వారం కేటాయించారు. ఆ వారాన్ని సెలవుగా గడపక, రోగులు అక్కడికి యెందుకు పోతారో చూడండి. బహుశా అక్కడ కూర్చోబెట్టి అడుగుతారు. మన జనరల్ ఆస్పత్రి వరుసలో అంత తీరిక దొరకదు. నమ్మమని మేము అనము. రోగి భాషలో, తెలుగువారైతే తెలుగులో, "పెద్దమ్మా, ఇంకేమైనా మందు వాడుతున్నారా?" అని నవ్వకుండా అడగండి. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.

పెద్దలకు కూడా మనవి. డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు మీ పొడి, లేహ్యము, నూనె సీసా, అన్నీ సంచిలో వేసుకొని పోండి. పేరు లేని పొట్లం తినకండి. చక్కెర బిళ్ళ, ఇన్సులిను, మూర్ఛ మందు వంటివి యెవరో చెప్పారని మానకండి. విరిగిన యెముకకు ముందు ఎక్స్‌రే; కట్టిన చేతి వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా ఆ క్షణమే ఆస్పత్రికి పోండి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. పనికివస్తుందో రాదో చూసి చెప్పగలిగిన పిల్లలు యిప్పుడు మన యింట్లోనే పుట్టారు. ఆ చెట్టును వారికి చూపించడం పెద్దల వంతు, చులకన చేయకుండా చూడడం పిల్లల వంతు. మీ బీరువాలోని డబ్బాను యీ పండుగ సెలవులలోనే బయటికి తీసి పిల్లల చేతికి యివ్వండని కోరుతున్నాము.