చలివానలో మన పశువులు

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రాయవేలూరు అనగానే లోకులు ఎండలనే తలంతురు. కాని కార్తికము మొదలు పుష్యము వరకు గల కాలము మన పశువులకు తక్కువ కష్టమైనది కాదు. ఈశాన్య ఋతుపవనము, దానితోడి తుఫానులు, పిమ్మట మంచు ఒకదానివెంట నొకటి వచ్చును.

2021 నవంబరులో పాలారు పొంగినది. గుడియాత్తమున కౌండిన్యానదియు పొంగినది. ఆ దినములలోనే మేమొక లేగదూడను పోగొట్టుకొంటిమి. దానిని వరద ముంచలేదు. రాత్రియంతయు చెట్టుక్రింద పలుపుతో కట్టబడి, వానలో తడిసి, తెల్లవారుసరికి బిగుసుకొని పడియుండెను. ఇంటిలోని బియ్యపుమూటలను అందరమును భద్రపరచితిమి. దూడ మాత్రము ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. "దూడను ఎందుకు విప్పలేదు?" అని మా యింటి పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నేటికిని మాయొద్ద సమాధానము లేదు. అందుచేతనే మేమీ విషయము నెన్నుకొంటిమి.

పశువు శరీరపు వేడి సుమారు 101 డిగ్రీలు. పొడిగానున్న రోమముల నడుమ గాలి నిలిచి ఆ వేడిని కాపాడును. రోమములు తడిసి, పైన గాలి వీచినచో ఆ రక్షణ పోవును. కావున పొడిచలికంటె తడిచలియే ప్రమాదకరము. దూడలకును, మేకపిల్లలకును, ముసలి పశువులకును ఇది మరింత నిజము.

ఈ కాలమున గాలి ఈశాన్యమునుండి వీచును. కొట్టమునకు ఆ దిక్కున గోనెపట్టాలు కట్టవలెను. అన్నివైపుల మూసివేయరాదు, పేడ, మూత్రముల ఘాటు నిలిచి ఊపిరితిత్తులకు చేటగును. నేల ఎత్తుగానుండి, దానిపై ఎండుగడ్డి పరచియుండవలెను. రాత్రివేళ ఎండుమేత కొంత అధికముగా వేయుట మంచిది. అది కడుపులో అరుగునప్పుడు వేడి పుట్టును. పుట్టిన దూడను వెంటనే తుడిచి ఆరబెట్టి, ఒకటి రెండు గంటలలోపల జున్నుపాలు త్రాగింపవలెను. పూరికొట్టములో కుంపటి పెట్టుట మాత్రము ఎన్నడును తగదు.

గొంతువాపునకు వానలకు ముందే టీకా వేయింపవలెను. గొఱ్ఱెలకు నీలినాలుక వ్యాధిని సన్నని కుట్టుడు ఈగలు వ్యాపింపజేయును. మురుగునీరు నిలువనీయకున్న అవి తగ్గును. పొయిగై సంతలో కొనితెచ్చిన పశువును కొన్నాళ్లు వేఱుగా కట్టవలెను.

తుఫాను హెచ్చరిక వినినంతనే పశువులను మెరకకు తోలవలెను. అది సాధ్యము కానప్పుడు పలుపులు విప్పివేయవలెను. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెనలో వేలకొలది జనులతోపాటు లెక్కకు మిక్కిలిగా పశువులును నశించినవి. విప్పిన పశువు ఈదగలదు. కట్టిన పశువు ఏమి చేయగలదు?

తల్లిదండ్రులారా! వానరాత్రులలో పరుండబోవుటకు ముందు మీ పిల్లలను వెంటబెట్టుకొని, లాంతరు చేతబట్టి, ఒక్కసారి కొట్టమువైపు పోయి రండు. దూడ వీపుపై చేయి వేసి చూడుడు. తడిగానున్నచో తుడువుడు. మేము ఆ రాత్రి చేయనిది అంతమాత్రమే.