‘వార్త’ అను మాట



గ్రంథాలయమున అడుగిడినవాడు మొట్టమొదట చేయి చాచునది పుస్తకమునకు గాదు, వార్తాపత్రికకు. ఆ పేరులోని ‘పత్రిక’ అందరెరిగిన మాట. లగ్నపత్రిక, జన్మపత్రిక ఇంటింటను వినబడునవే. ‘వార్త’ సంగతి అట్లు గాదు. ఇంతగా వాడుకలో నలిగిన మాటకు ఎంత పెద్ద వంశమున్నదో విచారించువారు తక్కువ.

అమరకోశము ఈ మాటను వేరువేరు తావుల చెప్పినది. శబ్దాదివర్గమున వృత్తాంతము, ఉదంతము మొదలగు వానితో చేర్చి సమాచారమనినది. వైశ్యవర్గమున జీవిక, వృత్తి అనువాని సరసను కూర్చుండబెట్టి బ్రదుకుతెరువనినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున వార్త యనగా సేద్యము, పశుపాలనము, వాణిజ్యము. రాజు నేర్వవలసిన విద్యలు నాలుగింటిలో అది యొకటి. తక్కినవి ఆన్వీక్షికి, త్రయి, దండనీతి. త్రయి యనగా వేదములే గదా! నాగలి పట్టినవాని పని వేదముల పంక్తిని కూర్చున్నదన్నమాట.

భారతమున ఈ రెండర్థములును ధర్మరాజు చెవినే పడినవి. సభాపర్వమున నారదుడు రాజ్యక్షేమ మడుగుచు, వార్త మంచివారి చేతులలో చక్కగ సాగుచున్నదా, లోకము సుఖపడుట దానివలననే గదా యని ప్రశ్నించును. అది సేద్యమును గూర్చిన ప్రశ్న. అరణ్యపర్వమున, ప్రచారమందున్న సంస్కృత పాఠమున, యక్షుడు వార్త యేమని అడుగును. సూర్యుడు నిప్పుగా, రేయింబవళ్లు కట్టెలుగా, మాసములును ఋతువులును గరిటెగా కాలము ప్రాణులను వండుచున్నది, ఇదియే వార్త యని ధర్మరాజు బదులు చెప్పును. ఇంతకు మించిన వార్తను ఏ విలేఖరియు పంపలేదు!

ఈ రెండర్థములకు చుట్టరిక మేమి? ‘వృత్’ అను ధాతువే. ఉండుట, జరుగుట, నడచుకొనుట దాని యర్థములు. వృత్తి, వృత్తాంతము, వర్తమానము అన్నియు ఆ గర్భమున బుట్టినవే. మనుష్యుడు బ్రదుకు తీరు వార్త. ఆ బ్రదుకున జరిగినదియు వార్తయే.

తెలుగు పత్రికలు పుట్టిన క్రొత్తలో ఈ కుటుంబము నుండియే పేర్లు పెట్టుకొన్నవి. 1838లో మదరాసున వృత్తాంతిని, 1842లో అక్కడనే వర్తమానతరంగిణి వెలువడినవి. వర్తమానమనగా వ్యాకరణమున నడచుచున్న కాలము. పల్లెలో వర్తమానము పంపుట యనగా కబురంపుట. 1852లో అచ్చయిన బ్రౌను దొర నిఘంటువున ఈ రెండును గలవు. నేడు మొదటి యర్థమే పెత్తనము చేయుచున్నది.

‘వార్తకెక్కుట’ అను జాతీయము మారిన తీరు వేరు. కావ్యములలో అది కీర్తి. 1874లో కందుకూరి వీరేశలింగముగారు వివేకవర్ధని స్థాపించి, లంచగొండుల గుట్టును అచ్చులో బయట బెట్టినారు. అది మొదలు అధికారులకు వార్తకెక్కుట భయమైనది. దస్త్రము సరిగా నున్నవానికి భయమెందులకని యడుగవచ్చును. దస్త్రమున తప్పు పడిన కొట్టివేసి చేవ్రాలు చేయవచ్చును. వేయి ప్రతులలో తప్పు పడిన పేరును కొట్టివేయుట యెట్లు?

1914 ఏప్రిలులో ఆంధ్రపత్రిక మదరాసున దినపత్రిక యైనది. కొలది నెలలకే ప్రపంచయుద్ధము వచ్చిపడినది. దేశాంతర సమాచారము తంతిమీద వచ్చుటచే ‘తంతివార్తలు’ అను శీర్షిక పాఠకుల నోట నానినది. పట్టణమున తంతివార్త యనగా యుద్ధము. పల్లెలోనో, తంతి బంట్రోతు వీధిలో కనబడిన, కాగితము విప్పకమునుపే ఇంటిలో ఏడుపు మొదలయ్యెడిది. 2013లో తంతి సేవ నిలిచిపోయినది. ఆ మాట పాత పుటలలోనే మిగిలినది.

ఆ పాత పుటలలోనే మరియొక మూల ‘ధరవరలు’ అని యుండెడిది. బియ్యము, బెల్లము, వేరుసెనగ, ప్రత్తి, చిన్న అక్షరములతో. రచ్చబండమీద చదువు వచ్చినవాడొకడు పత్రిక బిగ్గరగా చదువుచుండ, రైతులు యుద్ధమును ఓపికగా విని, మహాసభల తీర్మానములను విని, తుదకు “అసలు వార్త చదువు నాయనా, బెల్లమెట్లున్నది?” అనెడివారు. అట్లడిగినవారు కౌటిల్యుని పేరైన వినియుండరు. ఆ మాటను మాత్రము కౌటిల్యుని యర్థముననే వాడినారు.

మొదటి పుట యెప్పుడును ఆ యర్థమును మన్నింపలేదు. తుపాను వచ్చిననో తగాద ముదిరిననో గాని పల్లెకు అచట చోటు దొరకుట యరుదు. పంట చక్కగ పండిన యేడు వార్త కాదాయెను.

ఇక గ్రంథాలయ కార్యవర్గమువారికొక విన్నపము. పాత పత్రికల కట్టలు తూకమునకు పోవుచున్నవి, పచారి కొట్టులో పొట్లములగుచున్నవి. యుద్ధములు, మంత్రివర్గములు చరిత్ర గ్రంథములలో దొరకును. వానికై దిగులు లేదు. జిల్లా పుటను, ధరల పుటను విడదీసి సంవత్సరవారీగా కుట్టించి, వేపాకు వేసి యొక బీరువాలో నుంచుట పెద్ద ఖర్చు గాదు. ఈ గ్రంథాలయము తెరచిన యేడు ఈ ప్రాంతమున వడ్లు బస్తా యెంతకు పోయినవో చెప్పగల కాగితము ఆ కట్టలలోనే యున్నది.