లా హోయా: నగా, గొయ్యా?

మాస్టారి పేరిట నెలకొల్పిన ఈ ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. ఆయన పుస్తకాల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు బాగా గుర్తున్నవి ఆయన ఇంట్లో అటక మీది డాల్డా డబ్బాలు. ఊరిపేర్ల చీటీలు వాటిలో దాచేవారు. ప్రతి చీటీ వెనక పెన్సిల్‌తో ఒకటే ప్రశ్న: ‘ఈ పేరు ఇంకెక్కడ ఉంది?’ దానికి జవాబు రాయనిదే చీటీ డబ్బాలోకి వెళ్లేది కాదు. చాలా ఏళ్లుగా నేను పడుతున్న ఒక తగవును ఇవాళ ఆ ప్రశ్నతోనే మీ ముందు పెడుతున్నాను.

శాన్ డియాగో నగరంలో పసిఫిక్ ఒడ్డున లా హోయా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పుణ్యమా అని ఆ పేరు ఇప్పుడు మన తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తోంది. 1887లో ప్లాట్లు వేసి అమ్మిన కథ, 1903లో మొదలైన స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ, 1960లో వచ్చిన సాల్క్ సంస్థ గైడు పుస్తకాల్లో ఉన్నవే. వాటి జోలికి పోను.

ఆ గైడు పుస్తకాలే స్పానిష్‌లో ‘లా హోయా’ అంటే నగ అని, ఊరు అందంగా ఉంది కాబట్టి ఆ పేరు పెట్టారని చెబుతాయి. స్పానిష్‌లో గొయ్యికీ, కొండల నడుమ పల్లానికీ దాదాపు అదే రూపంలో మరో మాట ఉంది. ఈ ఊరి పేరు ఆ గొయ్యి నుంచి వచ్చిందని నా వాదన. ఎర్విన్ గుడ్డే 1949లో కాలిఫోర్నియా ఊరిపేర్ల నిఘంటువు తెచ్చిన నాటి నుంచి, 1998లో విలియం బ్రైట్ దాన్ని సవరించి నాలుగో కూర్పు వేసేదాకా ఈ ముడి పండితుల ముందు ఉంటూనే ఉంది. నగపక్షం వారు మాత్రం తేలిపోయిన విషయంలా మాట్లాడతారు.

వారికి గట్టి వాదం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. నేటి ప్రామాణిక స్పానిష్‌లో గొయ్యిని ‘హెచ్’తో రాస్తారు, ఆ హకారం పలకదు; ‘ఓయా’ అంటారు. నగను ‘జే’తో రాస్తారు, ‘హోయా’ అంటారు. ఊరి పేరులో ఉన్నది ‘జే’, వినిపించేది హకారం, కాబట్టి నగే అంటారు. కానీ గొయ్యి అనే ఆ మాట లాటిన్ ‘ఫోవెయా’ నుంచి వచ్చింది. లాటిన్ ఫకారం పాత స్పానిష్‌లో హకారంగా పలికి, తర్వాత రాజధాని నోట అణిగిపోయింది. అండలూసియాలోనూ, అక్కడివారు ఎక్కువగా వలసవెళ్లిన అమెరికా పల్లెల్లోనూ చాలాకాలం నిలిచింది. సమ్మెకు వాడే మాట ప్రామాణికంగా ‘ఉయెల్గా’. అదే మాట అండలూసియా ఉచ్చారణలో ‘హుయెర్గా’ అయి, జల్సా అనే అర్థంతో, ‘జే’తోనే నిఘంటువుకెక్కింది. గొయ్యికి ఆ దారి మూసుకుపోయిందని ఎలా అంటారు? ఇక ఊరి పేరులో ‘వై’ బదులు ఉన్న రెండు ‘ఎల్’లంటారా, అమెరికా స్పానిష్‌లో అవీ ‘వై’ అక్షరమూ చాలాచోట్ల ఒకేలా పలుకుతాయి. రాయసగాడు దేన్ని రాసినా చెవికి ఒకటే.

అక్షరాల తగవు అక్కడితో సరిసమానం. తీర్పు చెప్పవలసింది నేల. ఇదే పేరు ఇంకెక్కడ ఉంది? అదే జిల్లాలో, సముద్రానికి దూరంగా, పాలోమార్ కొండ మొదట్లో, శాన్ లూయిస్ రే నది పక్కన లుయిసేన్యో జనం ఉండే మరో లా హోయా ఉంది. న్యూ మెక్సికోలో రియో గ్రాండే ఒడ్డున ఇంకొకటి. ఒకటి కడలి అంచు, ఒకటి కొండ మొదలు, ఒకటి నదీలోయ. ఇన్నిచోట్ల స్పానిష్‌వారికి నగలే కనబడ్డాయా? పల్లం ఎక్కడైనా ఉంటుంది, దాని పేరూ ఎక్కడైనా పుడుతుంది.

తీరంలోని ఊరికి అక్కడి మూలవాసులైన కుమెయాయ్ ప్రజలు పెట్టుకున్న సొంత పేరుంది: మాట్ కులాహూయ్, రంధ్రాల నేల. ఒడ్డున ఇసుకరాతి కొండను అలలు తొలిచిన ఏడు గుహలున్నాయి. ఒకదానిలోకి 20వ శతాబ్దం మొదట్లో పైనుంచి సొరంగం తవ్వారు. ఇప్పుడూ ఒక దుకాణంలోంచి 140 పైచిలుకు తడి మెట్లు దిగితే గుహ నోట్లోంచి సముద్రం కనబడుతుంది. కుమెయాయ్ పేరునే స్పానిష్‌వారు చెవికి తోచినట్టు పలికారని కొందరి మాట. నేను ఒప్పుకోను. కుమెయాయ్ యూమన్ కుటుంబపు భాష, లుయిసేన్యో యూటో-అజ్టెకన్. చుట్టరికం లేని రెండు భాషల నేలల్లో ఒకే స్పానిష్ పేరు ఉందంటే అది స్పానిష్ తనంతట తాను వాడుకున్న మామూలు మాటే. తీరంలో కుమెయాయ్ వారూ స్పానిష్‌వారూ వేర్వేరుగా ఒకే నేలను చూసి, దాని ఒకే గుణాన్ని పట్టుకున్నాయి. నగ అనగానే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది, కుమెయాయ్ వారి చూపూ దానితోపాటే పోతుంది. నా బాధ అది.

ఇవాళ జనం నగ అనుకుంటున్నారు కాబట్టి నగే అనేవారికి నా జవాబు: అది వాడుక చరిత్ర, దాన్ని వాడుక కిందే రాయండి. పుట్టుక గడిలో రాయకండి.

ఈ గడుల పద్ధతిలోనే ఇప్పుడు మన తీరం పేర్ల పట్టిక తయారు చేస్తున్నాను. నిజాంపట్నం పాత పేరు పెద్దపల్లి. డచ్చి, ఇంగ్లీషు వర్తకుల కాగితాల్లో అది పేటపోలి. నరసాపురం పక్కన మాధవాయిపాలెం వారి నోట మడపోలమై, చివరికి ఒక బట్టరకానికి పేరయింది. మచిలీపట్నానికి చేపకథ చెబుతారు. దాన్ని వాడుక గడిలో ఉంచాను, పుట్టుక గడి ఇంకా ఖాళీ. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప ఊర్ల పేర్ల మీద చేసినంత పని మన తీరం మీదా జరగాలి. భావనపాడు నుంచి దుగరాజపట్నం దాకా ముందుగా మొగల పేర్లు, అంటే ఏరు కడలిలో కలిసే చోట్ల పేర్లు, తీసుకుంటున్నాం. ఇసుక మేట వేస్తే మొగ చోటు మారుతుంది. అప్పుడు పేరు నీటితో వెళుతుందా, పాత దిబ్బ దగ్గరే ఉండిపోతుందా అన్నది ఒక్కో రేవులో ఒక్కో రకంగా చెబుతున్నారు. రెండు జవాబులూ, చెప్పినవారు నిలబడిన చోటుతో సహా రాసుకుంటున్నాం.